ఫార్మాట్ కొట్టించే ముందు వెనకున్న పచ్చ లైటు చూడండి

ప్రశ్న: గుంటూరు జిల్లాలోని ఒక చిన్న టౌన్‌లో డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్న పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాం.

షాపులో ఉన్నది ఒకటే సిస్టమ్. 2009లో ఆమె భర్త కొన్నది. కోర్ టూ డుయో, 2 జీబీ ర్యామ్, విండోస్ 7. ఆయన ఉద్యోగానికి మస్కట్ వెళ్లాక షాపు ఈమే చూసుకుంటున్నారు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపు చేసే అను ఫాంట్లు, ఇన్నేళ్లుగా చేసిన శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, కరపత్రాల ఫైళ్లు అన్నీ అందులోనే ఉన్నాయి. అను సీడీ ఎక్కడ పెట్టారో ఎవరికీ గుర్తు లేదు.

ఒకరోజు సాయంత్రం ఉరుములు మెరుపులతో వాన పడింది. మర్నాడు చూస్తే స్క్రీన్ మూలనున్న నెట్ గుర్తు మీద ఎర్ర ఇంటూ ఉంది. ఫోనుకు మాత్రం వైఫై బాగానే వస్తోంది. మెకానిక్ వచ్చి, సిస్టమ్‌లోని భాగాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిచాడు. ల్యాన్ కార్డు (నెట్ వైరు కలిసే భాగం, ఈ సిస్టమ్‌లో మదర్‌బోర్డులోనే ఉంది) కనిపిస్తోంది, 'సరిగ్గా పనిచేస్తోంది' అనే చూపిస్తోంది. అయినా అతను "పిడుగుకి బోర్డు పోయిందమ్మా, కొత్త బోర్డు వేయాలి" అని తేల్చాడు. మరిది "బోర్డూ లేదు ఏమీ లేదు వదినా, ఫార్మాట్ కొడితే అన్నీ సర్దుకుంటాయి, ఆదివారం వచ్చి కొడతా" అంటున్నాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముడు "ఆ డబ్బాని పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యక్కా" అంటున్నాడు.

ఇంకో సంగతి ఆమె ఉత్తరం చివర ఇలా రాశారు: "మధ్యలో ఒకరోజు దుమ్ము దులపడానికి వైర్లన్నీ పీకి, మర్నాడు పొద్దున పెట్టాం. ఆన్ చేస్తే ఎఫ్1 నొక్కమంది. యూపీఎస్ పూర్తిగా ఆగిపోయినప్పుడల్లా అలా అడగడం మామూలే. ఆ పూట ఎర్ర ఇంటూ లేదు. సంతోషపడి జీమెయిల్ తెరిస్తే కనెక్షన్ సురక్షితం కాదని వచ్చింది. ఏ సైటు తెరిచినా అంతే. రాత్రి షట్‌డౌన్ చేసి తెల్లారి ఆన్ చేస్తే మళ్లీ ఎర్ర ఇంటూ. ఇది మా మెకానిక్‌కి చెబితే, కంప్యూటర్లు అన్నాక అలాగే ఉంటాయన్నాడు. ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి, ప్రెస్‌కి ఫైళ్లు పంపాలి. నాకేమీ తెలియదని నా మాట ఎవరూ వినడం లేదు. ఎవరి మాట వినాలో చెప్పండి."

సమాధానం: ముందు మీ మరిదిగారిని ఆదివారం భోజనానికి మాత్రమే రమ్మనండి. ఫార్మాట్ (డిస్కు చెరిపేసి విండోస్ మళ్లీ ఎక్కించడం) సంగతి ఎత్తితే, ఫైళ్లన్నీ ఇంకోచోట కాపీ అయ్యాకే అని చెప్పండి. ఇప్పుడు మీరు చేయబోయే పనుల్లో వెనక్కి తీసుకోలేనిది అదొక్కటే. ఫైళ్లు పోతాయన్న భయం ఎటూ ఉంది. దానికితోడు సీడీ లేకుండా అను మళ్లీ ఎక్కించడం మీవల్ల కాదు. అది ఆ డిస్కులో ఉన్నంతకాలమే మీది.

ఇక మీ ఉత్తరం. మీకేమీ తెలియదని రాశారుగానీ, మీ షాపుకి వచ్చి చూసినవాళ్లకన్నా మీరే బాగా గమనించారు. దుమ్ము దులిపిన రోజు సంగతి చివర్లో, ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాశారు. నా దృష్టిలో ఉత్తరం మొత్తానికీ కీలకం అదే. మాడిపోయిన కార్డు ఒక పూట బాగుపడి మళ్లీ మాడిపోదు. కాబట్టి ఆ కార్డు పూర్తిగా చచ్చిపోలేదు. దెబ్బతిని ఉండొచ్చు, మొండికేసి ఉండొచ్చు, వైరు వదులై ఉండొచ్చు. ఈ మూడింటిలో ఏది అన్నది తేల్చుకోవాలి.

మొండికేయడం అంటే చెబుతాను. మీరు విండోస్‌లో షట్‌డౌన్ నొక్కినా సిస్టమ్‌కి కరెంటు పూర్తిగా ఆగదు. వెనకున్న ఎస్‌ఎమ్‌పీఎస్ (సిస్టమ్‌కి కరెంటు అందించే డబ్బా) నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకి అందుతూనే ఉంటుంది. ల్యాన్ కార్డులోని చిప్ కూడా దాని మీదే కునుకు తీస్తుంది. దూరం నుంచి నెట్‌వర్క్ ద్వారా సిస్టమ్‌ని లేపే సౌకర్యం కోసం పెట్టిన ఏర్పాటది. పాత బోర్డుల్లో కొన్ని చిప్పులు ఆ నిద్రలోంచి సరిగ్గా లేవవు. రీస్టార్ట్ చేసినా, పదిసార్లు షట్‌డౌన్ చేసినా ఆ స్టాండ్‌బై కరెంటు పోదు కాబట్టి అవి అలాగే బిగుసుకుని ఉంటాయి. మీరు వైర్లన్నీ పీకిన రాత్రి ఆ కరెంటు కూడా పోయింది. చిప్ మొదటినుంచి మొదలైంది. పొద్దున లైను దొరికింది. రాత్రి మామూలుగా షట్‌డౌన్ చేశారు, మళ్లీ నిద్రపోయింది, మళ్లీ లేవలేదు. మీరు రాసిన క్రమం దీనికి సరిపోతోంది.

మరి ఆ పూట నెట్ వచ్చినా జీమెయిల్ ఎందుకు తెరుచుకోలేదు? అది వేరే జబ్బు. బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ ఒకటుంటుంది, సీఆర్ 2032 అంటారు. సిస్టమ్‌కి కరెంటు లేనప్పుడు గడియారం నడిపేది అదే. అది అయిపోతే, కరెంటు పూర్తిగా పోయిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లిపోతుంది. ఎఫ్1 నొక్కమనడం దాని గోలే. ప్రతి సైటుకీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లే సర్టిఫికెట్ ఒకటి ఉంటుంది. మీ సిస్టమ్ తనది 2009 అనుకుంటే, దాని లెక్కలో ఆ సర్టిఫికెట్లేవీ ఇంకా పుట్టలేదు. అందుకే అన్ని సైట్లనీ అనుమానించింది. ఆ పూట మీరు కింద మూలనున్న తేదీ సరిచేసి ఉంటే జీమెయిల్ తెరుచుకునేదని నా నమ్మకం. నెట్ వచ్చిన ఒక్క పూటా ఈ బ్యాటరీ పుణ్యమా అని నెట్ రానట్టే గడిచింది. రెండు జబ్బులు కలిసి ఒకటిలా కనిపించడం వల్లే ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ బ్యాటరీ గడియారాలు బాగుచేసే చిన్న కొట్లో కూడా దొరుకుతుంది, పెద్ద ఖర్చు కాదు. సిస్టమ్‌కి కరెంటు వైరు పీకేసి పాతది తీసి, రాతలున్న వైపు పైకి ఉండేలా కొత్తది పెట్టాలి. తర్వాత బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందు తెరిచే సెట్టింగుల తెర) వెళ్లి తేదీ సరిచేసి, ఆన్‌బోర్డ్ ల్యాన్ అనేది 'ఎనేబుల్'లో ఉందో లేదో కూడా చూడమనండి. అక్కడ హార్డ్‌డిస్క్ మోడ్ మాత్రం ఎవరినీ మార్చనివ్వకండి. ఐడీఈ అనే మోడ్‌లో ఎక్కించిన విండోస్ 7ని ఏహెచ్‌సీఐ అనే ఇంకో మోడ్‌కి మారిస్తే నీలం తెర వచ్చి కూర్చుంటుంది. అప్పుడు మరిదిగారి ఫార్మాట్ వాదానికి బలం వస్తుంది.

ఇప్పుడు మీ చేతులతోనే చేయగలిగిన పరీక్ష ఒకటి చెబుతాను. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌ని చార్జింగ్ వైరుతో సిస్టమ్‌కి పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని ఆ వైరు ద్వారా సిస్టమ్‌కి ఇచ్చే సౌకర్యం) ఆన్ చేయండి. విండోస్ 7 మామూలుగా దాన్ని తనంతట తానే ఒక నెట్‌వర్క్ కార్డుగా గుర్తుపడుతుంది. తేదీ సరిగ్గా పెట్టి జీమెయిల్ తెరవండి. తెరుచుకుంటే రెండు లాభాలు. ముహూర్తాల పని ఆగదు, ప్రెస్‌కి ఫైళ్లు ఈ రాత్రే పంపుకోవచ్చు. రెండోది, విండోస్ బాగానే ఉందని రుజువైపోతుంది. ఇక ఫార్మాట్ దేనికి?

తర్వాత అసలు కార్డు దగ్గరికి వద్దాం. సిస్టమ్ షట్‌డౌన్ చేసి, కరెంటు వైరు పీకి, పవర్ బటన్‌ని అర నిమిషం నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. అయిదు పది నిమిషాలు వదిలేసి వైరు పెట్టి ఆన్ చేయండి. అప్పుడు ముందు స్క్రీన్ వైపు కాదు, సీపీయూ వెనక్కి వెళ్లి ల్యాన్ వైరు దూర్చే చోటు చూడండి. చాలా బోర్డుల్లో అక్కడ రెండు చిన్న లైట్లుంటాయి. లైను కలిస్తే ఒకటి నిలకడగా వెలుగుతుంది, సాధారణంగా అది పచ్చది. ఇంకొకటి మినుకుమినుకుమంటూ ఉంటుంది. మెకానిక్ వచ్చినప్పుడు ఆ లైటు వెలుగుతోందా లేదా అన్నది మీ ఉత్తరంలో లేదు. అతను చూడలేదనే అనుకుంటాను.

లైటు వెలిగిందనుకోండి. వెంటనే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద ఆ కార్డు మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ అన్న చోట, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయవచ్చు అని ఉండే మొదటి టిక్కు తీసేయండి. పక్కనే అడ్వాన్స్‌డ్‌లో షట్‌డౌన్ వేక్ ఆన్ ల్యాన్ (ఇందాక చెప్పిన, దూరం నుంచి లేపే సౌకర్యం) అని కనిపిస్తే దాన్ని అటూ ఇటూ మార్చి రెండు రాత్రులు చూడండి. దీనితో చాలా కార్డులు దారికొస్తాయి. రాకపోయినా కొంప మునగదు. రోజూ షాపు కట్టేటప్పుడు యూపీఎస్ స్విచ్ కూడా ఆపేస్తే చాలు, తెల్లారేసరికి చిప్ మామూలవుతుంది. బ్యాటరీ కొత్తది వేశారు కాబట్టి తేదీ కూడా చెదరదు. ముతక వైద్యమే, కానీ పైసా ఖర్చు లేదు.

లైటు వెలగకపోతే వైరును అనుమానించండి. రౌటర్ దగ్గర వేరే రంధ్రంలోకి మార్చి చూడండి. పిడుగు దెబ్బకి రౌటర్‌లో ఒక్క పోర్టే పోయి మిగతావి బాగుండటం మామూలే. ఫోనుకు వైఫై వస్తోందంటే రౌటర్ బతికుందని అర్థం, దాని పోర్టులన్నీ బాగున్నాయని కాదు. వైరు చివరనున్న ప్లాస్టిక్ నాలుక విరిగిందేమో, మధ్యలో ఎలుక కొరికిందేమో చూడండి. ఎవరిదైనా లాప్‌టాప్ తెచ్చి అదే వైరు దూర్చి చూడటం అన్నింటికన్నా తేలిక.

వైరులో ఎనిమిది పోగులుంటాయి. 100 ఎంబీపీఎస్ వేగానికి నాలుగు చాలు: 1, 2, 3, 6. దానికి పదింతలైన గిగాబిట్ వేగానికి ఎనిమిదీ కావాలి. మిగతా నాలుగింట్లో ఒకటి తెగితే కొన్ని కార్డులు గిగాబిట్ కోసం తంటాలు పడి లైను కలపలేక వదిలేస్తాయి. డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు అడ్వాన్స్‌డ్‌లో స్పీడ్ అండ్ డూప్లెక్స్‌ని 100 ఫుల్ డూప్లెక్స్‌కి పెట్టి చూడండి. లైను కలిస్తే దోషం వైరుదే. వైరు మార్చాక మళ్లీ ఆటోకి పెట్టాలి, మరిచిపోకండి. ఒక పక్క ఆటో, ఇంకో పక్క బిగించిన స్పీడు ఉంటే నెట్ నత్తలా నడిచి కొత్త తలనొప్పి మొదలవుతుంది.

ఇవన్నీ చేసినా లైటు వెలగకపోతే, అప్పుడు మీ మెకానిక్ మాటలో సగం నిజముందని ఒప్పుకోవాలి. డివైస్ మేనేజర్‌లో 'సరిగ్గా పనిచేస్తోంది' అని ఉండటాన్ని మరీ నమ్మకండి. విండోస్ పిలిస్తే చిప్ పలుకుతోందని మాత్రమే దానర్థం. పిడుగు వైరు గుండా వచ్చినప్పుడు ముందుగా దెబ్బతినేది వైరు వైపున్న భాగం. అది మాడినా రెండో వైపు మంచిగానే జవాబు చెబుతుంది. అయినా సరే, నెట్ ఒక్కటే రాకపోతే బోర్డు మొత్తం మార్చడం దండగ. బోర్డు మారిస్తే విండోస్ బూట్ కాకపోవచ్చు, యాక్టివేషన్ అడగొచ్చు, హార్డ్‌వేర్‌ని చూసి రిజిస్టర్ అయిన సాఫ్ట్‌వేర్లు మొరాయించొచ్చు. అదే బోర్డులో ఖాళీగా ఉన్న స్లాట్‌లో వేరే ల్యాన్ కార్డు పెట్టించుకుంటే పోతుంది. కొన్ని వందల్లో అయ్యే పని. ఆ రోజుల్లో ప్రతి షాపులోనూ దొరికిన 8139 చిప్ ఉన్న పీసీఐ కార్డు పాతది దొరికినా 100 ఎంబీపీఎస్ ఇస్తుంది, మీ పనికి ఎక్కువే. కొనేముందు సీపీయూ తెరిచి చూడండి. పొడుగ్గా, ఎక్కువగా తెల్లగా ఉండేవి పీసీఐ స్లాట్లు, బాగా పొట్టిగా ఉండేది పీసీఐ ఎక్స్‌ప్రెస్. ఒకదాని కార్డు ఇంకోదానిలో పట్టదు. కొత్త కార్డు పెట్టాక పాత ఆన్‌బోర్డ్ ల్యాన్‌ని బయోస్‌లో డిజేబుల్ చేయించండి.

సీపీయూ విప్పడం ఇష్టం లేకపోతే యూఎస్‌బీకి పెట్టే ల్యాన్ అడాప్టర్ ఉంది. డబ్బా మీద విండోస్ 7 అని రాసుంటేనే కొనండి. కొత్తవాటిలో కొన్నింటికి పాత విండోస్‌లో పనిచేసే డ్రైవర్లు (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఇవ్వడం లేదు. వైఫై డాంగిల్ అయితే రౌటర్ నుంచి వైరే ఉండదు, ఆ దారిన పిడుగు రాదు. డ్రైవర్ గోల మాత్రం దానికీ ఉంది. డ్రైవర్ దొరక్కపోతే డివైస్ మేనేజర్ డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూసి, ఆ నంబరుతో తయారీదారు సైటులో వెతికి, ఫోన్ ద్వారానో పెన్‌డ్రైవ్ ద్వారానో తెచ్చుకోవాలి. ఉదాహరణకు వెండర్ 10ఈసీ, డివైస్ 8168 అని ఉంటే అది రియల్‌టెక్ గిగాబిట్ చిప్. అన్ని డ్రైవర్లూ మేమే వేస్తామనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి, అవి డ్రైవర్‌తో పాటు అక్కర్లేనివి ఇంకో నాలుగు ఎక్కిస్తాయి. రౌటర్ లేకుండా కేబులతని వైరు నేరుగా సిస్టమ్‌కే వచ్చే ఇళ్లలో ఇంకో చిక్కుంది. కొందరు ఆపరేటర్లు పాత కార్డు మ్యాక్ నంబరుకే (ప్రతి కార్డుకీ ఉండే గుర్తింపు సంఖ్య) కనెక్షన్ కట్టేస్తారు. కొత్త కార్డు పెట్టాక ఫోన్ చేసి నంబరు మార్పించుకోవాలి. మీకు రౌటర్ ఉంది కాబట్టి ఆ బెడద లేదు.

మీ తమ్ముడి మాట మిగిలింది. అతను చెప్పిన తీరు బాగాలేదుగానీ అందులో సరుకుంది. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి. దానిమీద నడిచే క్రోమ్‌లో చివరిది 109వ వెర్షన్, 2023 తర్వాత కొత్తది లేదు. మీ షాపుకి జనం ఆధార్ కాపీలు, బ్యాంకు పాసుబుక్కులు, సర్టిఫికెట్లు తెస్తారు. వాటిని స్కాన్ చేసి ఆ సిస్టమ్‌లోనే ఉంచి, దాంతోనే నెట్‌లో తిరగడం నాకు నచ్చదు. అసలు కార్డు బాగుచేయించడం కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదేనేమో: ఆ సిస్టమ్‌కి నెట్ దేనికి కావాలి? పేజ్‌మేకర్‌కి అక్కర్లేదు. అనుకి అక్కర్లేదు. ఫైలు ప్రెస్‌కి పంపడానికీ, ఆన్‌లైన్ అప్లికేషన్లకీ మాత్రమే కదా?

వీలుంటే ఆ పనులకి ఒక పాత లాప్‌టాప్, కొత్త విండోస్ నడిచేది, తీసుకోండి. డీటీపీ సిస్టమ్‌ని రౌటర్‌కి కలిపే ఉంచండి, కానీ నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఐపీవీ6 టిక్కు తీసేసి, ఐపీవీ4 కింద దానికి ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) చేత్తో ఇచ్చి, బయటి నెట్‌కి దారి చూపే డీఫాల్ట్ గేట్‌వే గడి ఖాళీగా వదిలేయండి. మీ రౌటర్ 192.168.1.1 అయితే సిస్టమ్‌కి 192.168.1.50 లాంటిది, మాస్క్ 255.255.255.0. అప్పుడు షాపులోని లాప్‌టాప్‌తో, నెట్‌వర్క్ ప్రింటర్‌తో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకుంటుంది, బయటి ఇంటర్నెట్‌కి మాత్రం పోలేదు. పెన్‌డ్రైవ్‌తో మోసుకోవచ్చు కదా అంటారేమో. మోసుకోవచ్చు, కానీ ఊళ్లో అందరి పెన్‌డ్రైవ్‌లూ తిరిగే షాపు మీది, ఫోల్డర్లన్నింటినీ షార్ట్‌కట్లుగా మార్చే వైరస్‌ని మీరు చూడకుండా ఉండి ఉండరు. లాప్‌టాప్ ఖర్చు ఇప్పుడు కుదరకపోతే, నెట్ పనులు ఫోన్‌లో కానిచ్చి పాత సిస్టమ్‌ని టైపింగ్‌కే ఉంచండి. కాస్త ఆలస్యమవుతుంది, అంతే. దాన్నే నెట్‌కి పెట్టి వాడటం మూడో దారి. అలా అయితే బ్యాంకు పనులు మాత్రం దానిలో చేయకండి, జనం కాగితాలు పని అయిన రోజే చెరిపేయండి.

ఈ మూడింట్లో ఏది ఎంచుకున్నా, ఆ హార్డ్‌డిస్క్ 2009 నాటిదే అయితే ఈ లోకంలో ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. ల్యాన్ కార్డు పోతే ఇంకోటి దొరుకుతుంది, హార్డ్‌డిస్క్ పోతే ఏదీ మిగలదు. ముందు ఫైళ్లన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేయండి. తర్వాత సిస్టమ్‌లోని పాత హార్డ్‌డిస్క్‌ని ఉన్నదున్నట్టుగా కొత్త ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్తరకం డిస్కు) మీదికి క్లోన్ చేయించండి. విండోస్, అను, ఫాంట్లు, సెట్టింగులు అన్నీ మామూలుగా ఉన్నవి ఉన్నట్టే వచ్చేస్తాయి, సీడీ అక్కర్లేదు. క్లోనెజిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అయిపోతుంది. కంప్యూటర్ రిపేర్ షాపుల్లో చాలామందికి వచ్చిన పనే ఇది. ఆదివారం మీ మరిదిగారికి ఏదో ఒకటి చేసి తీరాలని ఉంటే ఈ పని అప్పగించండి. పాత డిస్కు ఏది, కొత్త డిస్కు ఏది అన్నది మాత్రం పక్కనే నిలబడి రెండుసార్లు చూసుకోండి. అవి తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ ఫైళ్ల మీద పడుతుంది.

ఇకమీదట ఉరుముల వేళ ప్లగ్గుతో పాటు ల్యాన్ వైరు కూడా పీకేయండి. యూపీఎస్ కరెంటు దారినే కాస్తుంది, ఈ దారిని కాయదు. ఫైబర్ కనెక్షన్ అయినా అంతే. గాజు తీగలో పిడుగు రాదుగానీ, గోడ మీదున్న డబ్బాకి కరెంటిచ్చే అడాప్టర్ గుండా వచ్చి అక్కడినుంచి రాగి వైరు పట్టుకుని సిస్టమ్‌లోకి దిగుతుంది.

అర నిమిషం బటన్ పరీక్ష చేశాక లైటు వెలిగిందో లేదో, హార్డ్‌వేర్ ఐడీ ఏమని ఉందో రాయండి. ఆ నంబరు చూశాక, కొనాల్సి వస్తే ఏ కార్డు కొనాలో చెబుతాను.